ఆ ఇంటి గడప మళ్లీ ఎలా తొక్కాలి?

ప్రశ్న: నాకు ఇరవై ఐదేళ్లు. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో కుటుంబ సహాయ కార్యకర్తగా చేరి ఏడు నెలలైంది. పాతబస్తీ, దాని చుట్టుపక్కల బస్తీలు నా ఏరియా. రెండు వారాల క్రితం ఒక ఇంటికి వెళ్లాను. ఒక పెద్దావిడ, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు ఉన్నారు. ఫారం తీసి మొదటి ప్రశ్నగా పాపను “మీ నాన్న పేరేంటి, ఎక్కడుంటాడు?” అని అడిగాను. పాప తల దించుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. పెద్దావిడ ఉర్దూలో గట్టిగా ఏదో అంది, నాకు అర్థం కాలేదు. తర్వాత రెండుసార్లు వెళ్తే తలుపు తీయలేదు. పిల్లల తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోందని, తండ్రి వదిలేసి వెళ్లాడని పక్కింటివాళ్లు చెప్పారు. అప్పటినుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టట్లేదు. నా కేసుల్లో ఒడిశా కూలీలు ఉన్నారు, కులాంతర పెళ్లి చేసుకుని అయినవాళ్లకు దూరమైన జంట ఉంది, ట్రాన్స్‌జెండర్ అమ్మాయి ఉన్న ఇల్లు ఉంది, బుద్ధిమాంద్యం ఉన్న కొడుకుతో ఒంటరి తల్లి ఉంది. నేను పుట్టి పెరిగింది అమ్మ, నాన్న, తమ్ముడు ఉన్న ఇంట్లో. నాకు తెలిసింది అంతే. “అందరికీ ఒకటే ఫారం, ఎక్కువ ఆలోచించకు” అంటారు మా సూపర్‌వైజర్. ఈ ఉద్యోగానికి నేను పనికొస్తానా?

ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, పాప తల దించుకుని గోడవైపు తిరిగిందన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఫారం నిండితే చాలనుకునేవాళ్ల కంటికి అది ఆనదు. మీకు ఆనింది. కాబట్టి పనికొస్తానా లేదా అన్న టెన్షన్ పక్కన పెట్టండి. ఆ ఇంటి గడప మళ్లీ ఎలా తొక్కాలో చూద్దాం.

ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు కుటుంబ కౌన్సెలింగ్‌లోనే గడిపినదాన్ని నేను. మనం వెంట తీసుకెళ్లిన కుటుంబం లెక్కలో ఏ ఇల్లూ ఇమడదు. ఆ ఇంట్లో ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో వాళ్ల నోటే విని, దాన్నే కుటుంబంగా రాసుకోవాలి. అందుకని ముందు మీ మొదటి ప్రశ్న మార్చుకోండి. “ఇంట్లో ఎవరెవరు ఉంటారు?” అనండి. “రాత్రి బాబుకు జ్వరం వస్తే ఎవరిని లేపుతారు? ఆసుపత్రికి ఎవరు తోడొస్తారు? ఈ నెల బియ్యం ఎవరు తెచ్చారు? బడిలో సంతకం ఎవరు పెడతారు?” అని అడగండి. వీటికి జవాబుగా వచ్చే పేర్లే ఆ కుటుంబం. మీరు వెళ్లిన ఇంట్లో బహుశా పెద్దావిడ పేరు వస్తుంది, కువైట్‌లో ఉన్న తల్లి పేరు వస్తుంది, పక్క గల్లీలోని ఏ ఖాలా (పిన్ని) పేరో వస్తుంది. తండ్రి గురించి అడిగిన ప్రశ్న వీళ్లలో ఒక్కరి దగ్గరికీ మిమ్మల్ని తీసుకెళ్లలేదు. లేని మనిషిని మాత్రం ఆ గదిలోకి తీసుకొచ్చింది.

ఇంకొకటి గమనించారా? ఆ పెద్దావిడ పిల్లలకు నానీనో (అమ్మమ్మ) దాదీనో (నానమ్మ) మీ ఉత్తరంలో లేదు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఇందులోనే ఆవిడ కోపానికి కారణం ఉంది. నానీ అయితే, కూతురి కష్టం చూసి అల్లుడి మీద మండిపడుతున్న మనిషి. దాదీ అయితే, పిల్లల్ని వదిలేసి పోయింది ఆవిడ సొంత కొడుకే. కోడలు పరాయి దేశంలో అంట్లు తోమి పంపే డబ్బుతో కొడుకు పిల్లల్ని సాకుతోంది. అలాంటావిడ ఎదుట మనవరాలిని “మీ నాన్న ఎక్కడ?” అని అడిగితే, “నీ కొడుకు ఎలాంటివాడు?” అని ఆవిడను అడిగినట్టే. ఆవిడ ఎవరి తరఫో తెలియకుండా ఆ గొంతులోని కోపాన్ని మనం చదవలేం.

ఇక మళ్లీ వెళ్లడం గురించి. నేరుగా వెళ్లి తలుపు కొట్టకండి. ఆ బాబు మొన్నమొన్నటిదాకా అంగన్‌వాడీకి వెళ్లి ఉంటాడు కదా, ఆ టీచర్ ద్వారా కబురు పంపండి. మీకు తండ్రి సంగతి చెప్పిన పక్కింటివాళ్ల ద్వారా మాత్రం వద్దు. వాళ్లు చెప్పింది ఫైల్లో ఎక్కించకండి కూడా. ఇంటివాళ్లు తమంతట తాము చెప్పేదాకా అది మీకు తెలియనట్టే లెక్క. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు వేళ వెళ్లకండి. రంజాన్ నెలైతే సాయంత్రాలు వదిలేయండి, ఇఫ్తార్ వంటలో ఉంటారు. ఉర్దూ వచ్చిన మహిళా సహోద్యోగిని వెంట తీసుకెళ్లండి. ఫారం బ్యాగులోంచి బయటికి తీయకండి, అసలు ఆ రోజు ఫారం లేకుండానే వెళ్లండి. ముందు పెద్దావిడకు, తర్వాత ప్రత్యేకంగా పాపకు, ఆ రోజు అడిగిన తీరు తప్పని చెప్పండి. “ముఝ్‌సే గల్తీ హోగయీ అమ్మా, మాఫ్ కరో” అని మీకొచ్చిన ఉర్దూలో, మీ సూర్యాపేట యాసలోనే అనండి. ఉచ్చారణ తప్పినా పరవాలేదు, అనువాదకురాలి నోట చెప్పించిన క్షమాపణ కంటే అది మేలు. పెద్దమనిషి తనకు క్షమాపణ చెప్పడం ఆ పాప బహుశా ఎప్పుడూ చూసి ఉండదు.

ఆవిడ చాయ్ ఇస్తే తాగండి. ఈ మాట ప్రతి కొత్త కార్యకర్తకూ చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పాఠంగా చెప్పరు. బస్తీ ఇంట్లోకి మనం అడుగుపెట్టగానే వాళ్లు మన సర్టిఫికెట్లు చూడరు, నీళ్లు తాగుతామా లేదా అని చూస్తారు. ఒక దళిత కుటుంబంలో నాకు స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చి, ఆ ఇంటి కోడలు వంటగది తలుపు దగ్గర నిలబడిపోయింది. నేను గ్లాసు చేత పట్టుకుని మాటల్లో పడ్డాను. ఆమె కళ్లు నా ముఖం మీద లేవు, గ్లాసు మీదే ఉన్నాయి. గమనించి రెండు గుక్కలు తాగాను. అప్పుడు వచ్చి పక్కన కూర్చుంది. మన బ్యాగులోంచి సీసా తీసి తాగడం ఆరోగ్యం కోసమే కావచ్చు, ఆ ఇంటి అనుభవంలో మాత్రం దాని అర్థం వేరు. నీళ్లు పడవని భయముంటే చాయ్ అడగండి, మరిగినదే కదా. కుర్చీ ఒక్కటే ఉంటే మీరూ చాప మీదే కూర్చోండి.

భాష విషయంలో నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, కొండాపూర్ వైపు పెద్ద అపార్టుమెంట్లు లేస్తున్న రోజుల్లో, అక్కడి రేకుల షెడ్లలో ఉన్న ఒక ఒడిశా కుటుంబం దగ్గరికి వెళ్లాను. తల్లి చెంప వాచి ఉంది. ఆమెకు తెలుగు రాదు. తొమ్మిదేళ్ల కొడుక్కి సైట్లో నేర్చుకున్న తెలుగు బాగా వచ్చు. “మీ నాన్న కొడతాడా అని అమ్మనడుగు” అన్నాను. వాడు ఒక్క క్షణం నన్ను చూసి, తల్లివైపు తిరిగి ఏదో అడిగాడు. ఆమె చాలాసేపు చెప్పింది. వాడు నాతో “ఏం లేదంట” అన్నాడు. నేను అదే రాసుకుని వచ్చేశాను. పది రోజుల తర్వాత ఒడియా తెలిసినావిడను తీసుకెళ్తే అసలు సంగతి బయటపడింది. పిల్లాడు ఆ రోజు కొట్టే సంగతే అడగలేదు. “ఇంట్లో బియ్యం ఉన్నాయా?” అని అడిగాడు. తల్లి బియ్యం గురించి, దుకాణంలో బాకీ గురించి చెప్పింది. వాడి నోటితో ఆ ప్రశ్న అడగమన్న నేను, ఆ బిడ్డ మీద ఎంత బరువు పెట్టానో తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ పది రోజులు ఆమె దెబ్బలు తింటూనే ఉంది. పిల్లల్ని దుబాసీలుగా వాడొద్దు, ఎంత అర్జెంటైనా. భర్తను, అత్తను, పక్కింటివాళ్లను కూడా వద్దు. మీ సంస్థలో ఉర్దూ, ఒడియా, హిందీ, లంబాడీ భాష ఎవరికి వచ్చో ఒక జాబితా తయారుచేసి గోడకు అంటించండి. ఎవరూ లేకపోతే ఫోన్‌లో స్పీకర్ పెట్టి తెలిసినవాళ్లతో మాట్లాడించండి.

“నాకు తెలిసింది మా ఇల్లు ఒక్కటే” అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. మీ ఊళ్లో ఇల్లరికం వచ్చిన అల్లుడు లేడా? పిల్లల్లేని అక్కకు చెల్లెలు తన బిడ్డను పెంచుకోవడానికి ఇచ్చిన ఇల్లు లేదా? కాన్పుకు పుట్టింటికి వచ్చి మళ్లీ అత్తారింటికి వెళ్లని ఆడపడుచు, మేనమామ చదివిస్తే పైకొచ్చిన పిల్లలు లేరా? మేనరికం అంటే ఉత్తరాది వాళ్లు ఉలిక్కిపడతారు, మనం మాత్రం గర్వంగా చెప్పుకుంటాం. ఒక ఆదివారం కాగితం తీసుకుని మీ ఇంటి మూడు తరాల కుటుంబ చెట్టు గీయండి. ఎవరు ఎవరి దగ్గర పెరిగారో గీతలు గీయండి. ఎవరి గురించి ఇంట్లో మాట్లాడరో అక్కడ చుక్క పెట్టండి. ఆ చుక్కల దగ్గర మీ అమ్మ ముఖం ఎలా మారుతుందో చూస్తే, పాప ఎందుకు గోడవైపు తిరిగిందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్‌లో “ముస్లిం కుటుంబాలు ఇలా ఉంటాయి” అని ఎవరైనా చెబితే కూడా నమ్మకండి. బార్కస్‌లో ఉన్నది నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి. ఏసీ గార్డ్స్‌లో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల సంతతి ఉంది. బాలాపూర్‌లో మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యాలున్నారు. ఈ మూడు చోట్లా తిండి, పెళ్లి తంతు, పోలీసంటే భయం, అన్నీ వేరు. అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇప్పుడు ఫారం సంగతి. మీ సూపర్‌వైజర్‌తో గొడవపడమని చెప్పను, కానీ చెప్పడానికి మీ దగ్గర గట్టి ఆధారాలున్నాయి. పెళ్లికాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలిగా ఉండటానికి తండ్రి పేరు బయటపెట్టాల్సిన పనిలేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 డిసెంబర్ నుంచి పాస్‌పోర్టుకే తల్లి, తండ్రిలో ఒక్కరి పేరు చాలు. 2022 ఆగస్టులో ఇంకో తీర్పు వచ్చింది. చండీగఢ్‌లో ఒక నర్సుకు, భర్త మొదటి పెళ్లి పిల్లల కోసం సెలవు వాడుకున్నందుకు, తన కడుపున బిడ్డ పుట్టినప్పుడు ప్రసూతి సెలవు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఆ సెలవు ఇప్పించింది. ఒంటరి తల్లి లేదా తండ్రి, మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు, దత్తత తీసుకున్నవాళ్లు, పెళ్లి లేకుండా కలిసి ఉంటున్నవాళ్లు, స్వలింగ జంటలు, ఇవన్నీ కుటుంబాలేనని, చట్టం కాపాడాల్సినవేనని ఆ తీర్పులో ఉంది. దేశానికే పెద్ద కోర్టు ఒప్పుకున్నదాన్ని మన ఫారం ఒప్పుకోకపోవడం ఏం బాగుంటుంది? తండ్రి పేరు గడిని చివరికి జరిపి, మొదటి గడిలో “పిల్లల్ని చూసుకునేవారు” అని పెట్టమని అడగండి. ఒప్పుకోకపోతే ఫారం వెనక పేజీలో మీరే రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత ఆ వెనక పేజీలే పనికొస్తాయి.

మీరు మాటలతోనే కాదు, చేతలతోనూ కనిపించాలి. ఆ పెద్దావిడకు రెండో రోజో మూడో రోజో ఉపయోగపడే విషయం ఒకటుంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు, బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్ ద్వారా దరఖాస్తు వెళ్తుంది, కమిటీ పరిశీలించి మంజూరు చేస్తుంది. తల్లి పంపే డబ్బు కూడా లెక్కలోకి వస్తుంది, అది ముందే నిజాయితీగా చెప్పండి, ఆశపెట్టి తర్వాత కాదనకండి. బడిలో వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోతే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కారణంతో కాదనడానికి వీల్లేదు.

కువైట్‌లో ఉన్న తల్లిని కేసులోంచి తీసేయకండి. అక్కడ శుక్రవారం వారాంతపు సెలవు. ఇంటిపని చేసేవాళ్లకు సెలవు దొరికితే ఎక్కువగా ఆ రోజే దొరుకుతుంది, పిల్లలతో వీడియో కాల్ బహుశా ఆ రోజే ఉంటుంది. మన కంటే వాళ్లు రెండున్నర గంటలు వెనక. నానీనో దాదీనో ఒప్పుకుంటే ఒక కాల్‌లో మీరూ పలకరించండి. పిల్లల గురించి నిర్ణయం ఏదైనా ఆమెకు చెప్పే చేయండి. దూరంగా ఉండి డబ్బు పంపే తల్లి గురించి “వదిలేసి వెళ్లింది” అన్న మాట మీ ఫైల్లో ఎక్కడా రాకూడదు.

మిగతా ఇళ్ల గురించి తక్కువలో చెబుతాను. కులాంతర జంట విషయంలో రాజీ కుదుర్చుదామని వాళ్లకు చెప్పకుండా పుట్టింటికి ఫోన్ చేయకండి. మిర్యాలగూడ మీకు దగ్గరే, 2018లో అక్కడ జరిగిన పరువు హత్య మీకు తెలుసు. 2022 మేలో మన సరూర్‌నగర్‌లో అలాంటిదే నడిరోడ్డు మీద జరిగింది. వాళ్ల అడ్రస్ మీ ఫైల్లోంచి ఒక్క మనిషికి తెలిసినా ప్రమాదమే.

బుద్ధిమాంద్యం ఉన్న కొడుక్కి పద్దెనిమిది నిండబోతుంటే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద తల్లిని చట్టబద్ధ సంరక్షకురాలిగా నియమించమని కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టించండి. అదే చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు ఒకసారి మీరే తోడు వెళ్లండి. ఆ తల్లికి అడ్రస్ కంటే తోడే ఎక్కువ అవసరం.

ట్రాన్స్‌జెండర్ అమ్మాయి ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు ఆమె ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతోనే పిలవండి, తల్లి పాత పేరుతో పిలిచినా సరే. రిజిస్టర్ తీస్తే వాళ్లు ముడుచుకుపోవడానికి కారణముంది. నిజాం కాలం నాటి చట్టం ఒకటి హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించమంది, ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చింది. 2014లోనే సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకున్నా, ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. అంటే జాబితాలో పేరెక్కడం అంటే ఏమిటో హిజ్రా సమాజంలో ఆ అమ్మాయికి పెద్దదిక్కయిన గురువుకు, ఆ గురువు గురువుకు ఒంటి మీద అనుభవం అయి ఉండొచ్చు. ఎందుకు రాస్తున్నారో, ఎవరు చదువుతారో ముందు చెప్పి, వాళ్లు సరేనంటేనే రాయండి. తల్లి ఏడిస్తే ఏడవనివ్వండి. ఆవిడను ఒక్కరోజులో మార్చాలని చూడకండి, బిడ్డను ఇంట్లోంచి పంపకుండా ఉంటే చాలు, మిగతాది నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

ఒక్క దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. “మా ఇళ్లల్లో ఇంతే మేడమ్” అని కొట్టడం గురించో, పదహారేళ్ల పిల్ల పెళ్లి గురించో చెబితే, ఏ మతమైనా ఏ కులమైనా, అది ఆచారం కింద వదిలేసేది కాదు. పిల్లల మీద లైంగిక హింస తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, మీ ఇష్టాయిష్టాలతో పనిలేదు. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181 నంబర్లున్నాయి. 2005 గృహహింస చట్టం పెళ్లయిన భార్యకే కాదు, కలిసి ఉంటున్న స్త్రీకి, తల్లికి, చెల్లికి కూడా వర్తిస్తుంది. కానీ పేదరికాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. ఒకే గది, చిరిగిన యూనిఫాం, రాత్రి పదింటిదాకా గాజులకు రాళ్లు అతికించే అమ్మమ్మ, ఇవేవీ పిల్లల్ని హోమ్‌కు పంపడానికి కారణాలు కావు. హోమ్ ఆఖరి దారి మాత్రమేనని 2015 బాలల న్యాయ చట్టమే చెబుతోంది. సందేహం వస్తే ఒంటరిగా నిర్ణయం తీసుకోకండి, ఆ రోజే సూపర్‌వైజర్ దగ్గర కూర్చోండి. ఫారం విషయంలో ఆయనతో మీకు పేచీ ఉండొచ్చు, ఇలాంటి వేళ ఆయన అనుభవం కావాలి.

ఈ వారమే అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడండి. పాపకు చాక్లెట్లూ బొమ్మలూ తీసుకెళ్లకండి, లంచంలా ఉంటుంది. ఈసారీ తలుపు తీయకపోతే మీ పేరు, ఫోన్ నంబర్ ఉర్దూలో రాయించిన చీటీ తలుపు సందులో పెట్టి వచ్చేయండి. తీస్తే, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి, ఆవిడ చూపించిన చోట కూర్చోండి. పిల్లలు ఆవిడను ఏమని పిలుస్తారో విని, నాకు రాయండి.